చెమ్మ పడకగదిలో, తప్పు చూరు గట్టర్లో: ఒక రేకుల షెడ్డు కేస్ స్టడీ

భీమవరం వైపు రెండంతస్తుల డాబా ఇల్లు ఇది. ఎండ తగలకుండా, బట్టలారేసుకోడానికి వీలుగా పైన కలర్ కోటెడ్ రేకులతో షెడ్డు వేయించుకున్నారు. పొడవు 40 అడుగులు, వెడల్పు 22 అడుగులు, వాలు మొత్తం పడమటికే. పడమటి చూరు పొడవునా వాననీరు పట్టే జీఐ (జింకు పూత ఇనప రేకు) గట్టర్, దాని ఉత్తరం కొసన ఒకే ఒక్క మూడంగుళాల పైపు కిందికి. పెరట్లో వేపచెట్టు, పక్కవాళ్ల హద్దులో రెండు కొబ్బరిచెట్లు.

ఫిర్యాదు గట్టర్ గురించి రాలేదు. పై అంతస్తు పడమటి గదిలో, స్లాబుకి అడుగు కిందుగా, ఆరడుగుల పొడవున గోడ చెమ్మగిల్లుతోందని వచ్చింది. పెయింటు పొక్కులెత్తింది. వేలితో గోకితే తెల్లటి ఉప్పు రాలుతోంది. రెండు వానాకాలాలుగా ఇదే తంతు. డాబా మీద వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండుసార్లు వేయించారు, గది లోపల ఒకసారి పుట్టీ తీసి మళ్లీ పెట్టించారు. ప్రతిసారీ మూడో నాలుగో పెద్ద వానకి మచ్చ యథాప్రకారం తిరిగొచ్చింది.

స్లాబు మీద అనుమానం రావడం సహజమే. స్లాబుకి దగ్గర్లో తడి కనిపిస్తే ఎవరైనా ముందు పైకే చూస్తారు. అయితే ఈ మచ్చకి రెండు లక్షణాలున్నాయి, వాటిని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒకటి, సీలింగు పొడిగానే ఉండేది, తడి గోడకే పరిమితం. రెండు, సన్నటి ముసురు రెండు రోజులు పట్టినా మచ్చ రాదు, అరగంట కుండపోత పడితే మాత్రం మర్నాటికి తేలుతుంది. స్లాబు కారేదైతే ముసురుకే ముందు కారాలి. జోరు వానకి మాత్రమే వచ్చే తడి అంటే ఎక్కడో నీరు దారి చాలక పొంగి పొర్లుతోందన్న మాట.

అనుమానాన్ని తేల్చుకోడానికి మూడు పరీక్షలు వరసగా చేశారు. వరస ముఖ్యం. అన్నీ ఒకేరోజు తడిపేస్తే ఏ నీరు ఎటు పోయిందో తేలదు.

మొదటిది స్లాబుకి. ఆ గది మీద భాగం చుట్టూ ఇసుక సిమెంటుతో చిన్న కట్ట కట్టి, రెండంగుళాల నీరు నింపి 48 గంటలు ఉంచారు. లోపల చుక్క తడి లేదు. స్లాబు మంచిదే.

వారం ఆరాక రెండోది, పిట్టగోడకి. పైప్‌తో పిట్టగోడ తలమీద మాత్రమే నలభై నిమిషాలు నీళ్లు పట్టారు. తలమీద వేసిన సిమెంటు పూత వెంట్రుకవాసి పగుళ్లతో ఉంది. నీరు ఆ పగుళ్లలోంచి ఇటుకల్లోకి దిగి, గోడ వెంట కిందికి జారి, బీము కింది అతుకు దగ్గర లోపలికి తేలింది. మర్నాడు ఉదయానికి మచ్చ ప్రత్యక్షం. దారి దొరికింది. మరి వానప్పుడు పిట్టగోడ తలమీద అంత నీరు ఎక్కడిది? దాని మీద షెడ్డు చూరు ఉంది కదా.

మూడోది గట్టర్‌కి. మామూలు తోట గొట్టంతో ఈ పరీక్ష చేస్తే మోసపోతాం. నిమిషానికి 24 లీటర్లు ఇచ్చే గొట్టం ఈ కప్పు మీద గంటకి 18 మి.మీ. వానతో సమానం, అంటే జల్లు. జల్లుకి ఏ గట్టరైనా నిలబడుతుంది. అందుకని కింద సంపులో 1 హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు పెట్టి, పైన గట్టర్ దక్షిణపు కొసలోకి నీరు వదిలారు. 20 లీటర్ల బకెట్టు 12 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 100 లీటర్లు. కప్పు వైశాల్యం సుమారు 82 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆ లెక్కన ఇది గంటకి 73 మి.మీ. వాన కింద లెక్క. నిమిషంన్నర తిరక్కుండానే నీరు గట్టర్ వెనక అంచు దాటి, సరిగ్గా పిట్టగోడ తలమీద పడింది.

వెనక అంచే ఎందుకు దాటిందన్నదే ఈ ఇంటి అసలు కథ. షెడ్డు కట్టినప్పుడు రేకుల అంచు వీధిలోకి కనబడకూడదని గట్టర్ ముందు అంచు ఆరంగుళాలు, వెనక అంచు నాలుగంగుళాలు పెట్టి మడిచారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ గట్టర్ ఎప్పుడో ఒకప్పుడు పొంగి తీరుతుంది, పొంగినప్పుడు నీరు తక్కువ ఎత్తున్న అంచునే వెతుక్కుంటుంది. ఆ అంచు ఇంటి వైపు ఉంటే, వీధిలో పడాల్సిన నీరంతా గోడకి అందుతుంది. కొత్తగా గట్టర్ వేయించేవాళ్లు ఫ్యాబ్రికేటర్‌ని మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇది పొంగితే నీళ్లు ఎటు పడతాయి?

ఇక గట్టర్ లోపలి సంగతి. నిచ్చెనెక్కి చూస్తే పైపు మూతి దగ్గర నల్లటి బురద అట్టకట్టి ఉంది. తీసి తట్టలకెత్తితే నాలుగు తట్టలయింది. వేపరెమ్మల ఈనెలు, కొబ్బరి పూత, పావురాల రెట్ట, దుమ్ము, వాటితోపాటు తుప్పుపట్టిన ఇనప రజను. ఆ రజను రేకులకి సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు వేసినప్పుడు రాలినది. అప్పుడే చీపురుతో ఊడ్చేయాలి. ఊడ్వకపోతే మొదటి వానకి కొట్టుకొచ్చి గట్టర్ అడుగున చేరి, అక్కడే తుప్పుపట్టి, కింది జింకు పూతని కూడా తినేస్తుంది. ఈ గట్టర్ అడుగున సూదిబెజ్జాలు పడిన చోట్లన్నీ బురద తడి ఆరని మొదటి ఎనిమిది అడుగుల్లోనే ఉన్నాయి. మిగతా రేకు నిక్షేపంగా ఉంది. గట్టర్‌ని తినేది వాననీరు కంటే, వాన వెలిసాక కూడా ఆరనివ్వని బురదే.

ఆ బురదలో జానెడు రావి మొక్క కూడా మొలిచింది. పిట్ట రెట్టలో విత్తు పడుంటుంది. వేరు రెండు రేకులు కలిసిన అతుకులోకి దూరి, సీలంటుని చీల్చుకుని అవతలికి వచ్చింది. రావి మొక్కని పీకడానికి చాలా ఇళ్లలో మనసొప్పదు, ఆ సంకోచంతోనే అది అతుకులో లావెక్కుతుంది. వేలెడంత ఉన్నప్పుడే వేరుతో సహా తీసి చెరువుగట్టున నాటితే మొక్కా బతుకుతుంది, గట్టరూ బతుకుతుంది. ఈ మొక్కకి అదే చేశారు.

బురద తీసేశాక అదే పంపుతో మళ్లీ పరీక్ష. పది నిమిషాలు వదిలినా పొంగలేదు, పైపు మూతి దగ్గర నీరు అంగుళం పైచిలుకు ఎత్తున నిలకడగా ఆగింది. ఇక్కడితో ఆపేస్తే పని అయిపోయిందనుకోవచ్చు. అప్పుడు చెట్టుకింద రాలిన వేపాకు రెండు గుప్పెళ్లు తెచ్చి గట్టర్లో చల్లారు. ఆకులు తేలుకుంటూ వెళ్లి మూతి మీదున్న బల్లపరుపు జాలీకి అతుక్కున్నాయి. నాలుగో నిమిషానికి నీరు మళ్లీ వెనక అంచు దాటింది. శుభ్రంగా ఉన్న రోజున మూడంగుళాల మూతి ఎలాగోలా నెట్టుకొస్తుంది. రెండు గుప్పెళ్ల ఆకుకి కూడా దాని దగ్గర చోటు లేదు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ పట్టిక ప్రకారం గంటకి 100 మి.మీ. వానకి 75 మి.మీ. పైపు 20.4 చదరపు మీటర్ల కప్పుకి, 100 మి.మీ. పైపు 42.7 చదరపు మీటర్లకి సరిపోతుంది. ఈ 82 చదరపు మీటర్ల కప్పుకి నాలుగంగుళాల పైపులు రెండు ఉండాలి. ఉన్నది మూడంగుళాలది ఒకటి. పట్టికలో అంకెలు మరీ భద్రంగా వేశారని కొందరు మేస్త్రిలు తీసిపారేస్తుంటారు. ఆకులు పడ్డప్పుడు అక్కరకొచ్చేది ఆ భద్రతే. ఆకు పడని కప్పు మన ఊళ్లలో ఎక్కడుంది?

మట్టం కూడా తప్పింది. లెవెల్ ట్యూబుతో చూస్తే గట్టర్ మధ్యలో 18 మి.మీ. కుంగి ఉంది. బ్రాకెట్లు నాలుగడుగులకి ఒకటి చొప్పున పదకొండే వేశారు. తడి బురద బరువుకి వాటి మధ్య రేకు బొజ్జ కట్టింది. వాన వెలిసి వారమైనా ఆ పల్లంలో నీరు ఆరదు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చిన దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కింద కుండీలు, డ్రమ్ములు, కూలరు అన్నీ శుక్రవారం డ్రై డే అని బోర్లించే ఇళ్లలో కూడా నెత్తిమీదున్న ఈ గట్టర్ ఎవరికీ గుర్తుకు రాదు. ఇది మాత్రం చాలా సీరియస్‌గా తీసుకోవాల్సిన సంగతి.

మరమ్మతు ఇలా సాగింది.

ముందు మట్టం. ఒకే కొసకి 40 అడుగుల వాలు ఇవ్వడం కంటే మధ్యలో ఎత్తు పెట్టి రెండు కొసలకీ వాలు ఇవ్వడం మేలనిపించింది. మధ్య బ్రాకెట్టు సున్నా. అక్కణ్నించి రెండడుగులకి ఒక బ్రాకెట్టు, ఒక్కోటి ముందుదానికంటే 3 మి.మీ. కిందికి. ఇరవై అడుగులకి పది బ్రాకెట్లు, కొస చేరేసరికి 30 మి.మీ. వాలు, అంటే రెండు వందలకి ఒకటి. పాతవి సరిచేయగా కొత్తగా పది పట్టాయి. ఇవి 25×3 మి.మీ. ఇనప ఫ్లాటు వంచి చేసినవి, జింకు ప్రైమరు మీద రెండు కోట్ల ఎనామిల్. చివరి పర్లిన్‌కి (రేకుల కింద వాటిని మోసే అడ్డ ఇనప కమ్మీకి) వెల్డింగు చేయకుండా స్క్రూలతో బిగించారు. ఉన్న రేకు పక్కన వెల్డింగు పెడితే నిప్పురవ్వలు పడిన ప్రతిచోటా కలర్ కోటింగు మాడి, ఆ చుక్క దగ్గరే తుప్పు మొదలవుతుంది.

వాలు మారిస్తే అతుకులు కూడా చూసుకోవాలి, ఈ పనిలో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. గట్టర్ ఎనిమిదడుగుల ముక్కలు ఐదు, అతుకులు నాలుగు. ఎగువ ముక్క కొస దిగువ ముక్క మీదికి రావాలి, పెంకు మీద పెంకు పడ్డట్టు. పాత వాలు అంతా ఉత్తరానికి కాబట్టి నాలుగూ ఆ ప్రకారమే వేశారు. ఇప్పుడు దక్షిణపు సగంలో ప్రవాహం తిరగబడింది, అక్కడి రెండు అతుకులు నీటికి ఎదురునిలిచాయి. వాటిని విప్పి, తిప్పి, నాలుగంగుళాల మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా మళ్లీ కలిపారు. రెండంగుళాలకి ఒక పాప్ రివెట్టు, ఆ నాలుగంగుళాల మధ్యలో సీలంటు రెండు వరసలు.

సీలంటు విషయంలో ఒక జాగ్రత్త. షాపులో మామూలుగా చేతికిచ్చే సిలికాన్ వెనిగర్ వాసన వేస్తుంది. ఆ ఆమ్లం జింకు పూతని తింటుంది, అతుకు లోపలే తుప్పు మొదలవుతుంది. న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసి ఉన్నదే కొనాలి. 12 మీటర్ల ఇనప రేకు 40 డిగ్రీల తేడాకి దాదాపు 6 మి.మీ. సాగుతుంది, ముడుచుకుంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో గట్టి ఎంసీల్ లాంటివి పెట్టిన అతుకులు విచ్చుకునేది అందుకే. అతుకులో సాగే గుణం ఉండాలి. పూసేముందు రేకుని స్పిరిటుతో తుడిచి, వేడెక్కకముందు ఉదయంపూటే పూయాలి.

బెజ్జాలు పడిన ఉత్తరపు ముక్క మార్చేశారు. రెండు కొసల్లోనూ 8×8 అంగుళాల నీటి తొట్టి, ఆరంగుళాల లోతున, దాని అడుగు నుంచి 110 మి.మీ. ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగునీరు, వాననీరు పోయే పీవీసీ) పైపు. తొట్టి ఎందుకంటే, పైపు మూతి పైన నీరు ఎంత ఎత్తుగా నిలిస్తే అంత జోరుగా దిగుతుంది. బల్లపరుపు జాలీ తీసేసి, బోర్లించిన బుట్టలా పైకి లేచి ఉండే జాలీ పెట్టారు. ఆకులు దాని అడుగున చుట్టూ చేరినా పైభాగంలోంచి నీరు పోతుంది. గట్టర్ పొడవునా పరిచే మెష్ వద్దనుకున్నారు, అది సబబే. వేపాకు సన్నం, మెష్ మీద చాపలా పరుచుకుంటుంది, వాన దాని మీదుగా జారి అవతల పడుతుంది. పైగా కింద ఏం పేరుకుందో కనబడదు.

ఇక పొంగే నీటికి దారి. ముందు అంచు ఆరంగుళాలు అలాగే ఉంచి, అడుగు నుంచి మూడంగుళాల ఎత్తున, నాలుగంగుళాల పొడవు, అంగుళం వెడల్పు గాళ్లు అయిదడుగులకొకటి కోశారు, కోసిన అంచులకి జింకు పెయింటు. వెనక అంచు నాలుగంగుళాలు కాబట్టి, ఇకమీద ఎంత పొంగినా నీరు ముందుకే పడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది: ఆ గాళ్లలోంచి నీరు కారుతుంటే జాలీ మూసుకుందని కింద నిలబడ్డవాళ్లకి తెలిసిపోతుంది.

పైపులు గోడకి అంగుళం ఎడంగా, ఆరడుగులకొక క్లాంపు. అడుగున డోర్ బెండు, తలుపు విప్పి ఊచ దూర్చడానికి. పాత పైపు నీటిని పునాదికి రెండడుగుల దూరంలోనే వదిలేది. ఇక్కడిది డెల్టా బంకమట్టి, తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే రకం, ఆ మూల చపటా అప్పటికే కుంగి పగిలింది. దక్షిణపు పైపు నీటిని పునాదికి దూరంగా కాలవలోకి తిప్పారు. ఉత్తరపుది సంపులోకి. ఈ ప్రాంతంలో బోరు నీరు ఉప్పన, ఒక్క సెంటీమీటరు వానకి ఈ సగం కప్పు నుంచే 400 లీటర్లు వస్తుంటే వదులుకోవడం అన్యాయం. అయితే మొదటి రెండు మిల్లీమీటర్ల వాన కప్పు కడిగిన మురికి. సగం కప్పుకి అది 82 లీటర్లు. 100 లీటర్ల డ్రమ్ము ముందు నిండి, తర్వాతి నీరు మాత్రమే సంపుకి వెళ్లేలా పైపుకి టీ (మూడు మూతుల అతుకు) వేశారు. పావురాలు వాలే కప్పు కాబట్టి ఆ నీరు బట్టలకి, మొక్కలకి మాత్రమే, తాగడానికి పనికిరాదు.

పిట్టగోడ తలమీది పాత పూత కొట్టేసి, బయటివైపు కొద్దిగా వాలుతో కొత్తగా పూశారు. అది లేకుండా గట్టర్ ఒక్కటీ బాగుచేసినా మామూలు వానకే కొంత తడి దిగేది.

అంతా అయ్యాక మళ్లీ పంపు, మళ్లీ వేపాకు, ఈసారి ఒక్కో కొసన రెండేసి గుప్పెళ్లు. పావుగంట వదిలారు. ఒక్క గాడి నుంచీ చుక్క రాలేదు.

ఈ ఇంటికి శుభ్రం చేయాల్సిన రోజులు చెట్లని బట్టి నిర్ణయించారు. వేప ఆకు రాల్చేది ఫాల్గుణం దాకా, పూత రాలేది ఉగాది దాటాక. అందుకని రోహిణి కార్తె చివర్లో, మృగశిర ప్రవేశించే జూన్ 7, 8 తేదీలకి ముందు పెద్ద శుభ్రం: బురద తీయడం, అతుకులు చూడటం, పంపు పరీక్ష. ఆరుద్ర కార్తెలో ఒకసారి జాలీలు, డ్రమ్ము, ఎందుకంటే వేసవి దుమ్మంతా మొదటి వానలకే దిగుతుంది. సెప్టెంబరు ఆఖర్లో మళ్లీ పూర్తిగా, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాల కాలం కాబట్టి. ఈదురుగాలి వీచిన ప్రతిసారీ మర్నాడు కొబ్బరి పూత కోసం ఒక చూపు. జోరు వానప్పుడు గొడుగేసుకుని కిందికొచ్చి రెండు పైపుల మూతులూ చూడాలి, ఒకదానికంటే ఇంకోటి సన్నగా పారితే ఆ వైపు జాలీ మూసుకున్నట్టే.

పైకెక్కే మనిషికి: ఇద్దరుండాలి, ఒకరు నిచ్చెన పట్టుకోవాలి. నాలుగడుగుల ఎత్తుకి అడుగు ఎడంగా నిచ్చెన వాల్చాలి. నిచ్చెన గట్టర్‌కి ఆనించకూడదు, పిట్టగోడకో పర్లిన్‌కో ఆనించాలి. కలర్ రేకుల మీద నడవాల్సొస్తే స్క్రూల వరస మీదే అడుగు వేయాలి, దాని కింద పర్లిన్ ఉంటుంది. సిమెంటు రేకుల మీద అసలు ఎక్కొద్దు, పాతబడితే పెంకులా విరుగుతాయి. రేకు అంచు కత్తిలా కోస్తుంది, తోలు గ్లవ్స్ తప్పనిసరి. ఇనప ఊచలు, పొడవాటి పైపులు ఎత్తేటప్పుడు కరెంటు తీగ ఎంత దూరంలో ఉందో ముందు చూసుకోవాలి. బురదని గట్టర్ నుంచి పైపులోకి కడిగేయకూడదు, తట్టలోకే ఎత్తాలి. కడిగితే అది డోర్ బెండు దగ్గర చేరి గట్టిపడుతుంది.

గది గోడకి వెంటనే పెయింటు వేయలేదు. ఇంటివాళ్లకి ఈ మాట నచ్చజెప్పడానికి సమయం పట్టింది. పొక్కులు గీకి, ఉప్పుని పొడి బ్రష్షుతో మాత్రమే దులిపి, కిటికీలు తెరిచి వదిలేశారు. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో అతికించి రాత్రంతా ఉంచి చూస్తూ వచ్చారు. కార్తీకంలో పాలిథీన్ లోపల ఇంకా చెమట పట్టేది. సంక్రాంతి దాటాక మూడు రాత్రులు వరసగా పొడిగా ఉంది. అప్పుడు పుట్టీ పెట్టారు.

వేపచెట్టు కొమ్మ ఒకటి ఇంకా చూరు మీదికే వంగి ఉంది. దాన్ని కొట్టడానికి ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు, కొట్టాల్సిన అవసరమూ లేదు. ఆ కొమ్మ ఉన్నన్నాళ్లూ సెప్టెంబరు శుభ్రం మాత్రం ఒక్క ఏడాది కూడా తప్పకూడదని గట్టర్ పక్కన గోడమీద పెయింటుతో రాసిపెట్టారు, తేదీ వేసుకోడానికి కింద ఖాళీ గళ్లతో.